ఆపరేషన్‌కు ముందు మీ రక్తం ఎంత ఉంది? స్త్రీలు, పురుషులు తెలుసుకోవలసిన తేడా

ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఇంట్లో అందరికీ ముందు గుర్తొచ్చేది డబ్బు. ఆ తరువాత సెలవు, ఆసుపత్రిలో తోడు ఎవరు ఉంటారన్న సంగతి. ఒంట్లో రక్తం ఎంత ఉందన్న ప్రశ్న మాత్రం చాలామందికి ఆపరేషన్ ముందురోజు, ల్యాబు రిపోర్టు చేతికి వచ్చాక గానీ ఎదురుకాదు. అప్పటికి రెండే దారులు మిగులుతాయి. రక్తం ఎక్కించాలి, లేదా తేదీ వాయిదా వేయాలి. అదే రిపోర్టు రెండు నెలల ముందు చూసి ఉంటే చాలామందికి ఐరన్ మాత్రలతోనే పని జరిగిపోయేది.

ఈ విషయంలో స్త్రీలకూ పురుషులకూ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. దానిని మీకు అర్థమయ్యేలా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రక్తహీనత అని ఎప్పుడు అంటారు?

మన రక్తంలోని ఎర్రకణాలలో హిమోగ్లోబిన్ అనే పదార్థం ఉంటుంది. ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును మోసుకువెళ్ళి శరీరంలోని ప్రతి భాగానికీ అందించేది ఇదే. దీని తయారీకి ఇనుము కావాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ పురుషులకు 13 గ్రాములు, గర్భవతులు కాని స్త్రీలకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో నిర్ణయించింది. 2024లో వెలువరించిన కొత్త మార్గదర్శకాలలోనూ పెద్దవారికి ఈ అంకెలనే ఉంచింది.

మన దేశంలో 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషులలో 25 శాతం. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం, తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం. అంటే ఆపరేషన్ కోసం మా గుమ్మం ఎక్కే ప్రతి ఇద్దరు స్త్రీలలో ఒకరికి రక్తం తక్కువగా ఉంటుందనుకునే మేము మొదలుపెట్టాలి.

ఆడవారికి ఎందుకు తక్కువ?

చిన్నతనంలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ హిమోగ్లోబిన్‌లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. యుక్తవయసు వచ్చాక దారులు వేరవుతాయి. మగవారిలో తయారయ్యే టెస్టోస్టిరాన్ హార్మోను ఎర్రకణాల ఉత్పత్తిని పెంచుతుంది. ఆడవారిలో నెలసరి మొదలవుతుంది. ప్రతి నెలా సుమారు 40 మిల్లీలీటర్ల రక్తం పోతే, దానితోపాటు దాదాపు 15 మిల్లీగ్రాముల ఇనుము కూడా పోతుంది. మనం తిన్న ఆహారం నుండి శరీరం రోజుకు పీల్చుకోగలిగే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే. నెలసరిలో 80 మిల్లీలీటర్లకు మించి పోయేవారికి ఆ జమాఖర్చు ఎప్పటికీ సరితూగదు. దానికితోడు కాన్పులు, పాలివ్వడం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కల్లో పురుషునికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము, స్త్రీకి 29 మిల్లీగ్రాములు ఆహారంలో ఉండాలని చెప్పింది. మరి మన ఇళ్ళలో జరిగేదేమిటి? అందరికీ వడ్డించి, చివరన మిగిలినదానితో సరిపెట్టుకునేది ఎవరో మీకు తెలుసు. ఎక్కువ కావలసినవారికి తక్కువ అందుతోంది.

ఆపరేషన్ బల్ల మీద లెక్క మారుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కత్తి పెట్టినప్పుడు పోయే రక్తం ఆపరేషన్‌ను బట్టి ఉంటుంది గాని, పడుకున్నది ఆడవారా మగవారా అని చూసి పోదు. మోకాలి కీలు మార్చినా, పేగుకు ఆపరేషన్ చేసినా ఇద్దరికీ ఇంచుమించు అంతే రక్తం పోతుంది. కాని ఇద్దరి ఒంట్లో ఉన్న రక్తం సమానం కాదు.

ఒక ఉదాహరణ చూడండి. 70 కిలోల బరువున్న పురుషుని శరీరంలో సుమారు 5 లీటర్లకు పైగా రక్తం ఉంటుంది. 45 కిలోల స్త్రీలో ఉండేది సుమారు 3 లీటర్లు. ఆయన హిమోగ్లోబిన్ 14, ఆమెది 11 అనుకుందాం. ఇద్దరికీ ఒకే ఆపరేషన్‌లో 600 మిల్లీలీటర్ల రక్తం పోయింది. ఆయనకు పోయింది తన రక్తంలో తొమ్మిదో వంతు. ఆమెకు పోయింది అయిదో వంతు. సెలైను ఎక్కించి పోయిన ద్రవాన్ని భర్తీ చేశాక ఆయన హిమోగ్లోబిన్ 12 దాటే ఉంటుంది. ఆమెది 9 కంటే దిగిపోతుంది. అనుకోకుండా మరో 600 పోయిందనుకోండి, ఆయన ఇంకా 11 దగ్గర నిలబడతాడు, ఆమె 7కు చేరుతుంది. రక్తం ఎక్కించక తప్పదని వైద్యులు సాధారణంగా నిర్ణయించే హద్దు అదే. గుండె జబ్బు ఉన్నవారికైతే 8 దగ్గరే ఆ ఆలోచన చేస్తారు.

గమనించండి. ఆమెకు ఆపరేషన్‌లో ఏ పొరపాటూ జరగలేదు. ఆయన కంటే ఎక్కువ రక్తమూ పోలేదు. ఆమె తక్కువతో మొదలుపెట్టింది, అంతే.

అందుకే 2017లో వివిధ దేశాల నిపుణులు కలసి ఒక అభిప్రాయానికి వచ్చారు. ఎక్కువ రక్తం పోయే అవకాశం ఉన్న పెద్ద ఆపరేషన్‌కు ముందు స్త్రీలకైనా పురుషులకైనా హిమోగ్లోబిన్ కనీసం 13 ఉండేలా చూడాలన్నారు. ల్యాబు రిపోర్టులో స్త్రీలకు 12 దాటితే "నార్మల్" అని అచ్చు వేసి ఉంటుంది. రోజువారీ జీవితానికి ఆ గీత సరిపోవచ్చు, పెద్ద ఆపరేషన్‌కు సరిపోదు. గుండె ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలను పరిశీలించిన ఒక బ్రిటిష్ అధ్యయనం 2018లో వెలువడింది. హిమోగ్లోబిన్ 12కు పైన ఉండి 13కు చేరని స్త్రీలు, అంటే రిపోర్టు ప్రకారం ఏ లోపమూ లేనివారు, 13 దాటినవారికంటే ఎక్కువ రక్తం ఎక్కించుకోవలసి వచ్చింది. ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండవలసి వచ్చింది.

కొంచెం రక్తం తక్కువైతే ఏమవుతుందిలే అనేవారికి మరొక సంగతి. రెండు లక్షలకు పైగా ఆపరేషన్ల వివరాలను పరిశీలించిన పెద్ద అధ్యయనం 2011లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. స్వల్ప రక్తహీనత ఉన్నవారికి కూడా ఆపరేషన్ తరువాత నెలరోజులలో ఇబ్బందులు, ప్రాణాపాయం మిగతావారికంటే ఎక్కువగా కనిపించాయి. రక్తహీనతకు కారణమైన జబ్బుల పాత్ర కూడా ఇందులో కొంత ఉంటుంది. అయినా తేలిగ్గా తీసుకోదగిన విషయం కాదు.

"నాకెప్పుడూ తొమ్మిదే ఉంటుంది డాక్టరుగారూ"

ఈ మాట మేము తరచుగా వింటాము. "పదేళ్ళుగా నాకింతే, ఇంటి పనీ పొలం పనీ అన్నీ చేసుకుంటున్నాను కదా" అంటారు. నిజమే. రక్తం నెమ్మదిగా తగ్గినప్పుడు శరీరం సర్దుకుంటుంది. గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు కప్పిపుచ్చుతుంది. అయితే ఆపరేషన్ సమయంలో, ఆ తరువాత గాయం మానే రోజులలో గుండెకు అదనపు శక్తి అవసరమవుతుంది. ఆ అదనపు శక్తిని అప్పటికే రోజువారీ పనులకు వాడేసుకుంటూ ఉంటే అప్పుడు తీయడానికి ఏమీ మిగలదు.

మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, తల తిరగడం, కాళ్ళ పిక్కలు లాగడం, కంటి కింది రెప్ప లోపలి భాగం, నాలుక, గోళ్ళు పాలిపోవడం, ఇవి గుర్తులు. మరొకటి ఉంది. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి, ఐసుముక్కలు తినాలనిపించడం. అత్తగారో ఆడపడుచో చూసి నవ్వుతారని దాచుకుంటారు. సిగ్గుపడవలసిన పని లేదు. ఒంట్లో ఇనుము తగ్గినవారిలో ఇది కనిపిస్తుంది, డాక్టరుకు చెప్పండి.

గర్భసంచి ఆపరేషన్‌కు వెళ్ళే అమ్మలకు

దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ముందువరుసలో ఉన్నాయని జాతీయ సర్వేలు చెబుతున్నాయి. ఆ ఆపరేషన్‌కు ఎక్కువమంది చెప్పే కారణం అధిక రక్తస్రావమే. చిక్కు ఇక్కడే ఉంది. ఏ రక్తస్రావం వలన ఆపరేషన్ అవసరమైందో, అదే రక్తస్రావం వలన ఆపరేషన్‌కు కావలసిన రక్తం ఒంట్లో లేకుండా పోతుంది. ఆరు, ఏడు గ్రాములతో వచ్చి, "రేపే తీసేయండి డాక్టరుగారూ" అని ప్రాధేయపడేవారు ఉన్నారు.

చాలా సందర్భాలలో తొందరపడవలసిన అవసరం ఉండదు. ముందు రక్తస్రావాన్ని ఆపాలి. దానికి హార్మోను మాత్రలు ఉన్నాయి, ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు ఉన్నాయి. ఈ ట్రానెక్సామిక్ ఆమ్లం గురించి ఒక్కమాట. కాన్పు తరువాత రక్తస్రావంతో తల్లులు చనిపోకుండా చూడాలన్న తపనతో జపాను వైద్యురాలు ఉతాకో ఒకమోతో, ఆమె భర్త షోసుకే కలసి పరిశోధన చేసి 1960లలో దీనిని కనుగొన్నారు. ఈనాడు ఎన్నో రకాల ఆపరేషన్లలో రక్తం తక్కువ పోవడానికి వాడుతున్నారు. కాళ్ళలోగాని ఊపిరితిత్తులలోగాని రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి.

రక్తస్రావం ఆగి, ఐరన్ తీసుకుంటూ రెండు నెలలు గడిచాక కొందరికి అసలు ఆపరేషన్ అవసరమే ఉండదు. ఆ మాట మీ డాక్టరును అడగడానికి వెనుకాడకండి. నలభై ఏళ్ళు నిండకముందే గర్భసంచి తీయించుకోవడం చిన్న నిర్ణయం కాదు.

పురుషులకు రక్తం తగ్గితే కథ వేరు

పురుషునికి నెలసరి లేదు, కాన్పులు లేవు. కాబట్టి ఆయనకు ఇనుము లోపం వచ్చిందంటే ఎక్కడో రక్తం కారుతోందని ముందు అనుమానించాలి. కీళ్ళనొప్పులకని ఏళ్ళ తరబడి మందుల షాపులో కొని మింగే నొప్పిబిళ్ళలు కడుపులో పుండు చేస్తాయి. మొలల నుండి రోజూ కొద్దికొద్దిగా రక్తం పోతుంది. చెప్పులు లేకుండా పొలంలో తిరిగేవారికి కొంకి పురుగులు పట్టి పేగులో రక్తం పీలుస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, పెద్దపేగులో పెరుగుతున్న క్యాన్సరు. అది నొప్పి లేకుండా, కంటికి కనబడనంత రక్తాన్ని నెలల తరబడి కార్చగలదు.

కాబట్టి హెర్నియా ఆపరేషన్‌కో ప్రోస్టేటు ఆపరేషన్‌కో వచ్చిన పురుషుని హిమోగ్లోబిన్ 10 ఉంటే, నాలుగు ఐరన్ మాత్రలు రాసి పంపడం సరైన వైద్యం కాదు. కారణం వెదకాలి. అవసరమైతే కడుపులోకి, పెద్దపేగులోకి గొట్టంతో చూసే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ పరీక్షలు చేయించాలి. నెలసరి ఆగిపోయిన స్త్రీలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. ఆడవారికి రక్తం తగ్గడం మామూలే అన్న అలవాటు మాటతో అరవై ఏళ్ళ అమ్మమ్మను ఇంటికి పంపేయడం ప్రమాదం.

మరొక తేడా కూడా మా అనుభవంలో చూస్తున్నాము. భర్తకు రక్తం తగ్గితే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. భార్యకు తగ్గితే భార్యతో సహా ఎవరూ పట్టించుకోరు.

రక్తం ఎలా పెంచుకోవాలి?

ఆపరేషన్ మాట రాగానే సి.బి.పి. పరీక్ష చేయించండి. అందులో హిమోగ్లోబిన్‌తోపాటు ఎర్రకణాల పరిమాణం కూడా తెలుస్తుంది. ఇనుము నిల్వ ఎంత ఉందో చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. అది 30 కంటే తక్కువ ఉంటే ఇనుము లోపం ఉన్నట్టే. ఒంట్లో వాపు, చీము వంటివి ఉన్నవారిలో ఫెరిటిన్ పైకి ఎక్కువగా కనిపించి మోసం చేయవచ్చు, అది డాక్టరు చూసుకుంటారు. అన్ని రక్తహీనతలూ ఇనుము లోపం వలన రావు. శుద్ధ శాకాహారులలో బి12 విటమిన్ లోపం, మూత్రపిండాల జబ్బు, థలసీమియా లక్షణం, మన్యం ప్రాంతాలవారిలో సికిల్ సెల్ కూడా కారణం కావచ్చు. సికిల్ సెల్ ఉన్నవారికి మత్తు ఇచ్చేటప్పుడు ప్రత్యేక జాగ్రత్తలు కావాలి గనుక, ఇంట్లో ఎవరికి ఉన్నా ముందే చెప్పండి.

ఇనుము లోపమే అని తేలితే మాత్రలు మొదలుపెడతారు. హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పది నుండి పదమూడుకు రావాలంటే రెండు నెలలు కావాలన్నమాట. ముందే రమ్మని చెప్పేది ఇందుకే. వారానికొక మాత్ర అని పంచేది రక్తహీనత రాకుండా ఉండటానికి. వచ్చినదానిని పోగొట్టడానికి అది చాలదు. అలాగని రోజుకు మూడు మింగితే మూడింతలు పెరగదు. ఐరన్ మాత్ర వేసుకున్నాక ఒక రోజంతా పేగు ఇనుమును పీల్చుకోవడం తగ్గిస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఇనుము తగ్గిన స్త్రీలపై చేసిన పరిశోధన 2017లో వెలువడింది. రోజు విడిచి రోజు ఒక మోతాదు వేసుకున్నప్పుడు ప్రతి మాత్ర నుండీ ఎక్కువ ఇనుము ఒంటపట్టిందని తేలింది. కడుపులో మంట, మలబద్ధకం కూడా ఆ పద్ధతిలో తగ్గవచ్చు. మీకు ఏ పద్ధతి అన్నది డాక్టరు చెబుతారు. మలం నల్లగా వస్తే భయపడకండి, అది మాత్ర వలన.

మాత్ర వేసుకున్న తరువాత గంట రెండు గంటల వరకు టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు వద్దు. నిమ్మరసంతోగాని, ఒక జామకాయ తిని గాని వేసుకుంటే మంచిది.

ఆహారం మాటకొస్తే, బీట్‌రూట్ రంగు చూసి మోసపోయేవారు ఎక్కువ. దాని రసం ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తమైపోదు. దానిమ్మ కూడా అంతే, మంచి పండే గాని అందులో ఇనుము స్వల్పం. మాంసం, చేప, కాలేయంలో ఉండే ఇనుము అన్నిటికంటే బాగా ఒంటపడుతుంది. శాకాహారులు తోటకూర, రాగులు, సజ్జలు, శనగలు, నువ్వులు తింటూ, పక్కన నిమ్మకాయో ఉసిరికాయో ఉండేలా చూసుకోవాలి. అయితే హిమోగ్లోబిన్ 9 ఉన్నవారు ఆహారంతోనే రెండు నెలలలో 13కు చేరాలనుకోవడం అత్యాశ. మందు కావాలి.

మాత్రలు పడనివారికి, ఆరు వారాల వ్యవధి లేనివారికి సెలైనులో కలిపి రక్తనాళం ద్వారా ఐరన్ ఇస్తారు. దీనిపైనా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. 2020లో బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశోధనలో, పెద్ద కడుపు ఆపరేషన్‌కు కొద్ది వారాల ముందు రక్తహీనత ఉన్న అందరికీ ఇలా ఐరన్ ఎక్కిస్తే రక్తం ఎక్కించవలసిన అవసరంగాని, మరణాలుగాని తగ్గలేదు. ఆపరేషన్ తరువాత వారి హిమోగ్లోబిన్ మాత్రం బాగా పెరిగింది, మళ్ళీ ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారు తగ్గారు. కారణం తెలుసుకోకుండా అందరికీ ఒకే మందు, అదీ చివరి వారాలలో ఇస్తే అద్భుతాలు జరగవు.

ఒక సీసా రక్తం ఎక్కిస్తే సరిపోదా?

అవసరమైనప్పుడు రక్తం ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. కాని ఒక యూనిట్ రక్తం పెంచేది సుమారు ఒక గ్రాము. అంతకోసం ఒళ్ళు వేడెక్కడం, దద్దుర్లు, అరుదుగా తీవ్రమైన ప్రతిచర్యలు, పరీక్షకు చిక్కని ఇన్‌ఫెక్షన్ల ముప్పు తెచ్చుకోవడం ఎందుకు? ఇంకా పిల్లలు కావలసిన స్త్రీల విషయంలో మరొక జాగ్రత్త ఉంది. గ్రూపు కలిసినా ఇతరుల రక్తంలోని కొన్ని గుర్తులకు వ్యతిరేకంగా ఆమె శరీరంలో విరుగుడు పదార్థాలు తయారుకావచ్చు. అవి తరువాతి గర్భంలో బిడ్డ ఎర్రకణాలను దెబ్బతీసే అవకాశం ఉంది. పురుషులకు లేని ప్రమాదం ఇది.

కాలు విరగడం, పేగు మెలిపడటం, అత్యవసర సిజేరియన్ వంటివాటికి ఆగే వీలు లేదు. అప్పుడు ఉన్న రక్తంతోనే, అవసరమైతే రక్తం ఎక్కించి ఆపరేషన్ చేస్తారు. క్యాన్సరు ఆపరేషన్లను కూడా రక్తం కోసం ఎక్కువకాలం ఆపరు. మిగతావాటికి, అంటే మోకాళ్ళు, గర్భసంచి, పిత్తాశయంలో రాళ్ళు, హెర్నియా వంటివాటికి, రెండు నెలలు ఆగినా సాధారణంగా నష్టం ఉండదు. మత్తు డాక్టరు "రక్తం పెంచుకుని రండి" అంటే మిమ్మల్ని తిప్పుతున్నారని అనుకోకండి.

మీరు ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు, నొప్పిబిళ్ళలు వాడుతుంటే ఆ చీటీలన్నీ వెంట తెచ్చుకోండి. మీ అంతట మీరు ఆపవద్దు.

ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పగానే మాత్రలు పక్కన పెట్టేయడం చాలామంది చేసే పని. బల్ల మీద పోయిన రక్తంతో మళ్ళీ ఇనుము పోయింది. హిమోగ్లోబిన్ మామూలు స్థితికి వచ్చిన తరువాత కూడా మరో మూడు నెలలు మాత్రలు వాడితేనే ఖాళీ అయిన నిల్వలు నిండుతాయి. నాలుగు నుండి ఆరు వారాలకు ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టును, ఆపరేషన్‌కు ముందుదానిని కలిపి మీ డాక్టరుకు చూపించండి.